పొలిమేర దగ్గర మట్టిబెడ్డ: 1942లో రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళ గురించి

వంశధార గట్టు (కాశీనగరం, గజపతి జిల్లా)
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మీరు రాసేవన్నీ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మా నాన్నగారికి తొంభై మూడో ఏడు నడుస్తోంది. చూపు బాగా తగ్గింది, చెవులు మాత్రం ఇప్పటికీ పదును. పోయిన వారం దీపాలు పెట్టే వేళ వాకిట్లో కూర్చుని, ఎవరూ అడగకుండానే ఒక సంగతి చెప్పారు. నాకు అరవై రెండేళ్ళు. ఈ సంగతి ఆయన నోట ఎన్నడూ వినలేదు. మా అమ్మ అయితే వినకుండానే వెళ్ళిపోయింది.

మా తాత 1938లో రంగం వెళ్ళాడు. మా వైపు పాతవాళ్ళెవరూ బర్మాలోని ఆ ఊరిని రంగూన్ అనరు, రంగం అనే అంటారు. అప్పటికి నాన్నకు ఆరేళ్ళు. కూలీల మేస్త్రీ బయానా ఇచ్చి మా ఊరి నుంచి, పక్క ఊరి నుంచి పదకొండు మందిని కూడగట్టుకుని గోపాల్‌పూర్ రేవులో స్టీమరు ఎక్కించాడట. తాత అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. రెండు నెలలకోసారి మనియార్డరు వచ్చేది. ఆ కాగితం అడుగున ఎవరిచేతనో రాయించిన రెండు ముక్కలు ఉండేవి. "పిల్లవాణ్ణి బడి మాన్పించకు. ఆవును అమ్మకు." నాన్నకు తండ్రి అంటే తెలిసింది అంతే. ముఖం గుర్తులేదు.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అక్కడి నుంచి మనియార్డరు లేదు, ఉత్తరం లేదు. పోస్టుజవాను మా వీధి మొదట్లోనే తల అడ్డంగా ఊపి పక్క వీధికి తిరిగిపోయేవాడట. మా నాయనమ్మ గడప దాటకుండా ఆ తల ఊపడం చూసి లోపలికి వెళ్ళిపోయేదట.

వేసవి వచ్చేసరికి కొత్త భయం మొదలైంది. రంగం నుంచి కాలినడకన వస్తున్నవాళ్ళు కలరా మోసుకొస్తున్నారని వదంతి. మా ఊరి పెద్దలు పొలిమేర కట్టారు. దారికి అడ్డంగా వేపమండల తోరణం, పసుపు గుడ్డ. పశువులు కాసే పిల్లలను పిలిచి, "కొత్త మనిషి కనిపిస్తే ఊళ్ళోకి రానివ్వకండి, కేకలు వేయండి" అని అప్పగించారు. ఆరుగురు పిల్లలు. మా నాన్నకు పదేళ్ళు. యుద్ధంలో తమకూ ఒక పని దొరికిందని పొంగిపోయారట. కర్రలు భుజాన వేసుకుని గట్టు మీద కవాతు చేసేవారట.

ఒక మిట్టమధ్యాహ్నం చెరువు గట్టున చింతచెట్టు కింద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మాసిన గడ్డం, పాదాలకు చుట్టుకున్న గోనె పీలికలు, ఒళ్ళో మూత లేని రేకు డబ్బా. పిల్లలు కేకలు వేశారు. అతను లేచి నాలుగడుగులు ముందుకు వేశాడు. పిల్లలు మట్టిబెడ్డలు అందుకున్నారు. "అందరిలోకీ నా గురి మంచిది," అన్నారు నాన్న. ఎండిన చెరువు మట్టి రాయి కన్నా గట్టిగా ఉంటుంది. అది కనుబొమ పైన తగిలింది. ఆ మనిషి కూలబడి, నెత్తురు తుడుచుకోకుండానే, మా ఇంటిపేరు చెప్పి, "వాళ్ళ ఇల్లు ఉందా బాబూ ఇంకా?" అని అడిగాడు.

ఇంతవరకు చెప్పి నాన్న లేచి లోపలికి వెళ్ళిపోయారు.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. ఇలా పొలిమేరల దగ్గర ఆపడం, తరమడం ఇంకెక్కడైనా జరిగిందా? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పారా? నాన్న కూడా ఇదే అడిగారు. "మన ఊళ్ళోనేనా, అన్ని చోట్లా అంతేనా?" అని.


బరంపురం ఆడపడుచు
ఆదివారం, రాత్రి 10:25

చదివి చాలాసేపు ఏమీ తోచలేదు అన్నయ్యగారూ. మా అమ్మమ్మ భర్త కూడా గోపాల్‌పూర్‌లో స్టీమరు ఎక్కినవారే. 1940లో వెళ్ళారు. తిరిగి రాలేదు. పోయారని చెప్పడానికీ ఎవరూ రాలేదు.

అమ్మమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మా పెద్ద మేనమామ, ఏడేళ్ళవాడు. ఏళ్ళు గడిచాక బంధువులు కర్మ చేయించెయ్యమన్నారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "కళ్ళతో చూసినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి, అప్పుడు తీస్తాను" అని పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని కూర్చుందట. ఆ పుస్తెలతోనే 1989లో కన్నుమూసింది. మంగళసూత్రంతో పంపాలా వద్దా అని ఆ రోజు శ్మశానం దాకా వాదన జరిగింది. మా మామయ్య అందరినీ నోరు మూయించి అలాగే పంపించారు.

మీ తాతగారు వచ్చారు. బెడ్డ తగిలినా, వచ్చారు. ఈ మాట మీ నాన్నగారికి నా తరఫున చెప్పండి.


చిన్నరైలు (పర్లాకిమిడి)
సోమవారం, ఉదయం 6:40

మీ తాతగారు ఏ దారిన వచ్చారో నాన్నగారికి తెలుసా? అప్పట్లో నడిచి వచ్చినవాళ్ళకు ప్రధానంగా రెండు దారులు. ఒకటి ప్రోమ్ నుంచి అరకాను కొండలు దాటి తాంగూప్ చేరి, అక్కడి నుంచి పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్. మొదట బయలుదేరిన మన కూలీలు ఎక్కువగా ఆ దారిన వచ్చారు. రెండోది ఉత్తరానికి పోయి తమూ మీదుగా మణిపూర్. రంగం 1942 మార్చి 8న జపాను చేతికి చిక్కాక ఉత్తరపు దారే గతి అయింది. మొత్తం 4 నుంచి 5 లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారని లెక్కలు చెబుతాయి. దారిలో పోయినవాళ్ళు వేలల్లో. మణిపూర్ దారిలో తెల్లవాళ్ళకు ఒక బాట, నల్లవాళ్ళకు ఇంకో బాట పెట్టారని అప్పట్లోనే గొడవ జరిగింది.

చిట్టగాంగ్ చేరినవాళ్ళు కలకత్తా మీదుగా బెంగాల్ నాగపూర్ రైల్వేలో నౌపడ దాకా వచ్చి, అక్కడ మన చిన్నరైలు ఎక్కేవారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో, గుణుపురానికి 1931లో పడిన లైను అది. రెండున్నర అడుగుల పట్టాలు. మా తాతగారు ఆ లైను మీద పాయింట్స్‌మన్. కాశీనగరంలో దిగినవాళ్ళు స్టేషను కుళాయి దగ్గర గంటలకొద్దీ కూర్చుండిపోయేవారని ఆయన చెప్పేవారు. ఊరి దాకా వచ్చాక కాళ్ళు ముందుకు పడేవి కావట.


గుణుపురం గాలి
సోమవారం, ఉదయం 8:15

పెద్దలకు నమస్కారం. నాకు ఇరవై ఆరేళ్ళు. పదేళ్ళ పిల్లవాడు పెద్దలు చెప్పిన పని చేశాడు. అందులో తప్పేముంది సార్? నాన్నగారిని బాధపడవద్దని చెప్పండి. గోపాల్‌పూర్ మీద కూడా బాంబులు పడ్డాయి కదా, ఆ భయంలో ఎవరైనా అంతే చేస్తారు.


కోరంగి మనవడు (రాయగడ)
సోమవారం, మధ్యాహ్నం 1:05

తమ్ముడూ, ఒక సవరణ. 1942 ఏప్రిల్ 6న బాంబులు పడింది విశాఖపట్నం మీద, కాకినాడ మీద. గోపాల్‌పూర్ మీద కాదు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే జపాను యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వచ్చి వరసగా సరుకు ఓడలను ముంచాయి. వాటిలో కొన్ని ఒడిశా తీరానికి దగ్గరలోనే మునిగాయి. బతికినవాళ్ళు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. అందుకే మన తీరంలో "ఇక్కడా పడ్డాయి" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. విశాఖ నుంచి జనం ఖాళీ చేసి లోపలి ఊళ్ళకు బళ్ళు కట్టుకుని వచ్చేశారు. ఒకవైపు నుంచి వాళ్ళు, ఇంకోవైపు నుంచి రంగం మనుషులు. మధ్యలో మన పల్లెలు.

నా పేరు గురించి ఒక మాట. కోరంగి అంటే కాకినాడ దగ్గరి పాత ఓడరేవు. అక్కడి నుంచి మొదట వెళ్ళినవాళ్ళ వల్ల బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అనేవారు. గంజాం మనిషైనా, శ్రీకాకుళం మనిషైనా కోరంగీయే. ఆ మాట మర్యాదగా వాడేవారు కాదు. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ పెద్ద కొట్లాట జరిగి చాలామంది చనిపోయారు. మా ముత్తాత ఆ కొట్లాటలో మూడు రోజులు ఒక గోదాములో బస్తాల మధ్య దాక్కుని బతికాడు. అంతా సర్దుమణిగాక ఇంటికి వచ్చేశాడా అంటే, లేదు. మళ్ళీ రేవుకే పోయాడు. ఇంటి దగ్గర అప్పు అలాంటిది. 1931 జనాభా లెక్కల నాటికి రంగంలో సగానికి పైగా భారతీయులే. అంత పెద్ద ఊరు కట్టి, నడిపి, చివరికి ఒంటి మీది గుడ్డతో నడిచి వచ్చారు.

అక్కడ కోరంగీ అని తరిమారు. ఇక్కడ సొంత ఊళ్ళో కలరా మనిషి అని తరిమారు. నేను నాన్నగారిని తప్పు పట్టడం లేదు. ఆ నడిచి వచ్చినవాళ్ళ వైపు నుంచి ఒకసారి చూడమంటున్నాను.


తెల్లకోటు (విశ్రాంత ఆరోగ్య సహాయకురాలు, పర్లాకిమిడి)
సోమవారం, సాయంత్రం 7:30

కలరా గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. ముప్పై నాలుగేళ్ళు ఈ కొండవాలు ఊళ్ళలో తిరిగినదాన్ని. ఊరి పెద్దల భయం ఉత్త వదంతి కాదు. 1942 మొదటి నెలల్లో ప్రోమ్, తాంగూప్ దారిలో కలరా నిజంగానే పాకింది. నీళ్ళు దొరకని కొండదారి, దొరికిన ఒకటి రెండు కుంటల చుట్టూ వేల మంది. కలరా పట్టిన మనిషికి బియ్యం కడుగులాంటి విరేచనాలు మొదలైతే పొద్దున ఉన్నవాడు సాయంత్రానికి ఉండడు. ఒంట్లో నీరంతా పోతుంది, కళ్ళు గుంటలు పడతాయి, చేతివేళ్ళ చర్మం చాకలి బానలో నానినట్టు ముడతలు పడుతుంది. సెలైను మన పల్లెలకు చేరే రోజులు కావవి. ఉప్పు పంచదార నీళ్ళు తాగిస్తే చాలావరకు బతుకుతారన్న సంగతి అందరికీ తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

కాని ఇది కూడా చెప్పాలి. కలరా గాలిలో రాదు. నీళ్ళలో వస్తుంది. ఆ మనిషిని చెరువులోకి దిగనివ్వకుండా, దూరంగా కూర్చోబెట్టి కాచిన నీళ్ళు ఇస్తే ఊరికి ప్రమాదం చాలావరకు తప్పేది. అన్ని రోజులు ప్రయాణం చేసి బతికి వచ్చిన మనిషికి కలరా ఉండే అవకాశం చాలా తక్కువ. దారిలో పట్టినవాళ్ళు చాలామంది దారిలోనే పోయారు.

పొలిమేర కట్టడం మా చిన్నప్పుడు కూడా చూశాను. మశూచికానికి కట్టేవారు. ఊళ్ళోవాళ్ళే బయట చిక్కుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. మీ ఊరు ఒక్కటే కాదని నాన్నగారికి ధైర్యంగా చెప్పండి.


వంశధార గట్టు
సోమవారం, రాత్రి 10:50

అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం మీరు రాసినవన్నీ నాన్నకు చదివి వినిపించాను. "తప్పేముంది" అన్న మాట దగ్గర చెయ్యెత్తి ఆపారు. "ఆ అబ్బాయి మంచివాడు. కాని నాకు ఓదార్పు అక్కర్లేదు, సంగతి కావాలి" అన్నారు. గుణుపురం తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

తర్వాత తానే మొదలుపెట్టారు. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

పిల్లలు పరిగెత్తి వచ్చి ఊళ్ళో చెప్పారు. కొత్త మనిషి ఫలానా ఇంటిపేరు అడిగాడని నాన్న కూడా ఇంట్లో చెప్పారు. నాయనమ్మ చేతిలో చేట జారిపోయింది. చెరువు గట్టుకు పోవడానికి పెద్దలు ఒప్పుకోలేదు. ఎనిమిది రోజులు ఆయన ఊరి బయట పాడుపడిన పశువుల కొట్టంలో ఉన్నాడు. రోజూ పొద్దు వాలాక నాయనమ్మ చోడి అంబలి ముంతలో పోసి, కొట్టానికి ఇరవై అడుగుల దూరంలో పెట్టి వెనక్కి వచ్చి నిలబడేది. ఆయన వచ్చి తాగి, ముంత బోర్లించి వెళ్ళేవాడు. నాన్న అమ్మ కొంగు పట్టుకుని నిలబడేవారు. ఎనిమిది రోజులూ ముగ్గురూ ఒకరినొకరు చూసుకుంటూనే ఉన్నారు గాని ఎవరూ ఏమీ మాట్లాడలేదట.

తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాడు. పాదాలు బాగుపడలేదు. తేమ తగిలితే చీము పట్టేది, అందుకని నాగలి వెనక నడవలేకపోయాడు. ఆ ఏడాది తొలకరికే నాన్న బడి మానేసి నాగలి పట్టారు. మేడి తన భుజం కన్నా ఎత్తుగా ఉండేదట. "పిల్లవాణ్ణి బడి మాన్పించకు" అని రాయించిన మనిషి గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట.

1943 గురించి అడిగాను. ఆకలి అన్నారు, అంతే. కాసేపటికి మళ్ళీ ఎత్తుకున్నారు. బర్మా బియ్యం ఆగిపోయింది, మన బియ్యం ఎక్కడికి పోయేవో తెలియదు, సంతలో గింజ కనిపించేది కాదు. బెంగాలు కరువు అందరూ చెప్పుకుంటారు, గంజాం ఆకలి ఎవరూ చెప్పుకోరు అన్నారు. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి పప్పు వగరు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, దంచి అంబలి కాచుకునేవారట. కొండ మీది సవరలు నాయనమ్మకు ఆ పద్ధతి నేర్పారు. జీలుగు పిండి కూడా వాళ్ళే ఇచ్చారు. ఒక సవర ముసలామె వారానికోసారి దిగి వచ్చి గుమ్మంలో ఆకుపొట్లం పెట్టి పోయేదట. ఆ ఇంటివాళ్ళకూ మాకూ ఇప్పటికీ పెళ్ళిళ్ళకు పిలుపులు ఉన్నాయి.

కిరసనాయిలు లేదు. ఇప్పనూనె దీపం, అదీ భోజనాల వేళ వరకే. గుడ్డ లేదు. నాయనమ్మ, అత్తమ్మ ఇద్దరికీ ఒకే మంచి చీర. ఒకరు సంతకు పోతే రెండోవారు ఇంట్లో. ఉప్పుకు మాత్రం లోటు రాలేదు, నౌపడ ఉప్పు మళ్ళు దగ్గరే కాబట్టి.

ఆ ఏడాదే కొత్త పైసా వచ్చింది, నడుమ చిల్లుతో. రాగి పొదుపు చేయడానికి ప్రభుత్వం అలా కొట్టించింది. చిల్లుకానీ అనేవారు. తాత మొదటిసారి కూలి పనికి పోయి తెచ్చిన డబ్బులో ఒక చిల్లుకానీని నాన్న మొలతాడుకు కట్టాడు. ఇప్పుడు అది నాన్న పూజ పెట్టెలో ఉంది. చేతికిస్తే నేను కూడా చూశాను. అంచులు అరిగిపోయి, చిల్లు ఒక పక్కకు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దారం రాసుకుని రాసుకుని అలా అయింది.


జయపురం పాతకొట్టు
మంగళవారం, ఉదయం 9:20

మా కుటుంబం ఉప్పు, కిరసనాయిలు వ్యాపారం మీద కొరాపుట్ కొండల్లోకి వెళ్ళిన తెలుగువాళ్ళం. మా తాతకు 1942లో పదకొండేళ్ళు. ఆయన యుద్ధం జపానువాళ్ళది కాదు. క్విట్ ఇండియా రోజుల్లో, ఆగస్టు 21న మాథిలి పోలీసు స్టేషను ముందు జనం మీద కాల్పులు జరిగినప్పుడు వాళ్ళ నాన్నతో అక్కడికి సరుకు తీసుకెళ్ళి ఉన్నారు. గోనెల కింద దూరి పడుకున్నారట. మూడు రోజుల తర్వాత పాపడహండిలో మళ్ళీ కాల్పులు. మాథిలిలో ఆ జనాన్ని నడిపిన గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్ మీద హత్య నేరం మోపి 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు.

తాతకు బాగా గుర్తున్నది వేరు. కాల్పుల తర్వాత వారాల తరబడి కొండ మనుషులెవరూ ఉప్పు కొనడానికి రాలేదట. ఉప్పు లేకుండా ఎలా తింటున్నారు నాన్నా అని అడిగితే వాళ్ళ నాన్న చెంప మీద కొట్టాడట. ఎందుకు కొట్టాడో తనకు ముసలితనంలో గాని అర్థం కాలేదనేవారు.


ప్రాణహిత రేవు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)
మంగళవారం, ఉదయం 11:45

మా వైపు పెద్దవాళ్ళను యుద్ధం అని అడిగితే 1942 చెప్పరు, 1948 చెబుతారు. అప్పట్లో మేము మధ్యపరగణాల చాందా జిల్లా. ఏరు దాటితే నైజాం. రజాకార్ల కాలంలో అవతలి ఒడ్డు నుంచి జనం రాత్రిళ్ళు ప్రాణహిత దాటి వచ్చేవారు. మా నాన్నకు తొమ్మిదేళ్ళు. గోదావరి అవతలి ఒడ్డున కాళేశ్వరం గుడి దీపం కనిపించే రాత్రి పడవలు రావచ్చని, కనిపించకపోతే రావద్దని గుర్తు పెట్టుకున్నారట. ఆ దీపం చూసి చెప్పడం మా నాన్న పని.

మీరు అడిగిన దానికి జవాబు ఇస్తాను. మా ఊళ్ళోనూ ఆపారు. వచ్చేవాళ్ళ వెనకే రజాకార్లు దాటి వస్తారని భయపడి ఒక రాత్రి పడవను ఒడ్డుకు రానివ్వలేదు. అందులో పసిపిల్ల ఏడుపు వినిపించింది. మా నాయనమ్మ మొలలోతు నీళ్ళలోకి దిగి పడవ తాడు పట్టుకుని లాగింది. మరునాడు ఊళ్ళో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. వారం తర్వాత అందరూ వాళ్ళకు జొన్న గటక పంపారు. సెప్టెంబరు 17 తర్వాత ఆ కుటుంబం తిరిగి వెళ్ళిపోయింది. ఏటా శివరాత్రికి వాళ్ళ మనవలు ఇప్పటికీ మా ఇంటికి వస్తారు.


నిర్వాహకుడు
మంగళవారం, మధ్యాహ్నం 12:30

1948 గురించి రాయాలనుకునేవారు వేరే శీర్షిక తెరవండి, అక్కడ తప్పక మాట్లాడుకుందాం. ఇక్కడ 1942, రంగం మనుషులు, పొలిమేరలు. పై సందేశం తీసివేయడం లేదు, అది అడిగిన ప్రశ్నకు జవాబే.


చిన్నరైలు
మంగళవారం, సాయంత్రం 5:10

వంశధార గట్టు గారూ, మనసులో మాట చెబుతాను. తొంభై మూడేళ్ళ మనిషిని రోజూ కూర్చోబెట్టి ఇవి తవ్వించడం మంచిదేనా? మా తాత చివరి రోజుల్లో ఇలాగే ఒక రైలు ప్రమాదం గురించి చెప్పడం మొదలుపెట్టారు. మేము ఉత్సాహంగా అడిగాము. రాత్రిళ్ళు నిద్ర పోయింది. కేకలు వేసేవారు. ఇప్పటికీ ఆ అడగడం తలుచుకుని బాధపడతాను.


బరంపురం ఆడపడుచు
మంగళవారం, సాయంత్రం 6:00

చిన్నరైలు గారూ, మీ బాధ అర్థమవుతోంది. కాని మా అమ్మమ్మను ఎవరూ అడగలేదు. అడిగితే ఏడుస్తుందని అందరూ తప్పించుకున్నారు. ఆమె మాత్రం రాత్రిపూట గోడవైపు తిరిగి పడుకుని ఆయనతో మాట్లాడేది. ఏమి తిన్నావు, కాళ్ళు ఎలా ఉన్నాయి అని. నేను పక్కనే పడుకుని విన్నాను. ఒక్కసారి ఎవరైనా కూర్చుని, ఎలా ఉండేవారమ్మా ఆయన అని అడిగి ఉంటే గోడతో చెప్పుకునేది కాదు. మీ తాతగారికి నిద్ర పోయింది మీరు అడిగినందుకు కాదనుకుంటాను. అంతకు ముందు కూడా నిద్ర లేదేమో, మీకు తెలియలేదేమో.


తెల్లకోటు
మంగళవారం, రాత్రి 8:15

తానుగా మొదలుపెడితే వినండి. ఆపితే ఆపనివ్వండి. రాత్రి వేళ మాత్రం వద్దు, పొద్దుటి పూట వినండి. నా అనుభవం ఇంతే.


వంశధార గట్టు
బుధవారం, ఉదయం 11:30

తెల్లకోటు అమ్మగారి మాట ప్రకారం ఈ రోజు పొద్దున కాఫీ తాగాక కూర్చున్నాము. ఈసారి చెప్పింది నేను.

తాత 1971లో పోయారు. నాకు అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆయన పక్కలో పడుకునేవాణ్ణి. ఎడమ కనుబొమ పైన ఒక మచ్చ ఉండేది, చింతగింజంత. వేలు పెట్టి నొక్కితే కింద ఎముక మెట్టులా తగిలేది. ఇదేమిటి తాతా అని అడిగితే, "అరకాను కొండల్లో వెదురు బొంగు గీసుకుంది" అనేవాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఒకసారి నాన్న అక్కడే కూర్చుని దూడకు తాడు పేనుతున్నారు. అప్పుడు కూడా వెదురు అనే చెప్పాడు. నాన్న తలెత్తలేదు.

ఇది నాన్నకు గుర్తుచేశాను. "నాకు ఆ రోజు బాగా గుర్తుంది" అన్నారు. "నేను పేనుతున్న తాడు పురి విడిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పేనాను."

తాత జీవితాంతం నాన్నతో బెడ్డ ఊసు ఎత్తలేదట. తనకు తెలియదనుకున్నాడా, తెలిసీ అన్నాడా అన్నది నాన్నకు ఇప్పటికీ తేలలేదు. ఆరుగురు పిల్లల్లో ఎవరి బెడ్డో ఆయన ఎండలో పోల్చుకోలేకపోయి ఉండవచ్చు. కాని ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజు, స్నానం చేసి గుమ్మంలోకి వచ్చి, మొదట పట్టుకున్నది కొడుకు కుడి చెయ్యి. అరచెయ్యి తిప్పి చూసి, "గట్టి చెయ్యి" అన్నాడట. నాన్న ఆ మాటను ఎనభై ఏళ్ళుగా రెండు రకాలుగానూ వింటున్నారు.

చిన్నరైలు గారు అడిగిన దారి సంగతి. ప్రోమ్, తాంగూప్ దారే. నాన్న దాన్ని "తాంగూ కనుమ" అన్నారు. పదకొండు మందిలో నలుగురు తిరిగి వచ్చారు. ఆ నలుగురిలో ఇద్దరిని మా పక్క ఊరివాళ్ళు కూడా ఆపారట, మూడు రోజులు.

ఇప్పుడు బరంపురం చెల్లెమ్మకు ఒక మాట. మీరు రాసింది విన్న దగ్గర నుంచి నాన్న అదే ఆలోచిస్తున్నారు. కనుమ ఎక్కేటప్పుడు బరంపురం వైపు మనిషి ఒకరు తాతకు జత కలిశాడట. ఇద్దరూ ఒకే రేకు డబ్బాలో గంజి కాచుకున్నారు. కొండ దిగక ముందే అతనికి కలరా పట్టింది. తాత ఒక రాత్రంతా కూర్చున్నాడు. పూడ్చడానికి పలుగు లేక రాళ్ళు పేర్చాడట. ఆ రేకు డబ్బా అతనిదే. పేరు తాత చెప్పాడు గాని నాన్నకు గుర్తు రావడం లేదు. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేదని మాత్రం చెప్పాడట, తోక మణికట్టు వైపు.

బరంపురం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు వేల మంది, పచ్చబొట్లూ ఎందరికో ఉంటాయి. ఆ సంగతి నాన్నకూ తెలుసు. అయినా మీ తాతగారి చేతి మీద పచ్చబొట్టు ఉండేదేమో కనుక్కోమన్నారు.


బరంపురం ఆడపడుచు
బుధవారం, మధ్యాహ్నం 12:10

అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ అప్పటికి చంటిపిల్ల, ఆమెకు ఏమీ తెలియదు. తెలిస్తే మామయ్యకే తెలియాలి. ఆయనకు ఇప్పుడు తొంభై. ఛత్రపురంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇప్పుడే ఫోను చేస్తున్నాను.


బరంపురం ఆడపడుచు
బుధవారం, మధ్యాహ్నం 12:25

కోడలు ఎత్తింది. భోజనం చేసి పడుకున్నారట. లేపవద్దన్నాను. నాలుగింటికి లేస్తారు. నేనే బస్సెక్కి వెళుతున్నాను, ఇది ఫోనులో అడిగేది కాదు. రేకు డబ్బా ఇంకా మీ ఇంట్లో ఉంటే ఒక ఫొటో పెట్టండి అన్నయ్యా.


వంశధార గట్టు
బుధవారం, మధ్యాహ్నం 12:40

ఉందమ్మా. అటక మీద విత్తనాలు పోసి పెట్టేవాళ్ళం. నిచ్చెన వేస్తున్నాను.